‘లేవు’ అన్న ఒక్క మాట

“సంతకం పెట్టమంటున్నాను,” అన్నాడు భర్త మూడోసారి.

ఫిర్యాదు కాగితం బల్ల మీద ఉంది. పక్కన మూత తీసిన పెన్ను. ఆయన ఇరవై ఏళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్న మనిషి. ఒళ్లు మండిపోతూ రాసినా ఒక్క కామా పక్కకి జరగలేదు. ‘ఆరో వార్డు నర్సు నిర్లక్ష్యం వల్ల మా తల్లిగారు ప్రాణాపాయ స్థితికి చేరుకున్నారు’ అని మొదలుపెట్టి, ‘కఠిన చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాము’ అని ముగించాడు. కింద రెండు సంతకాలకి చోటు వదిలి, ఒకదాంట్లో తన సంతకం అప్పుడే చేసేశాడు.

“నేను పెట్టను,” అంది వదిన.

ఇంట్లో ఆమెను వదిన అని పిలిచేది మరిది ఒక్కడే. కానీ ఆ మరిది వచ్చి ఆమె పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనే చేరాక, అక్కడున్న పద్నాలుగు మందికీ ఆమె వదినే అయిపోయింది. ఆమెకంటే ఆరేళ్లు పెద్దవాడైన బాసుతో సహా.

“ఎందుకు పెట్టవు?”

“ముందు ఆవిడ తప్పేమిటో తేలాలి కదండీ.”

“ఇంకా ఏం తేలాలి? అమ్మకి ఆ ఇంజెక్షన్ పడదని పదేళ్ల కిందట ఆ ఆస్పత్రిలోనే రాసిపెట్టారు. నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు మోకాలికి చిన్న ఆపరేషనని తీసుకెళితే, ఆ మహాతల్లి ముందూ వెనకా చూడకుండా అదే మందు పొడిచింది. అమ్మ గొంతు వాచిపోయి, ఊపిరాడక, మూడు రోజులు గొట్టాల మధ్య పడుకుంది. నీకు ఇంకా తేలాలా?”

గుమ్మం దగ్గర మరిది షూ లేసులు కట్టుకుంటున్నాడు. కట్టిన ముడి విప్పి, మళ్లీ కడుతున్నాడు.

“ఒరేయ్ చిన్నోడా, నువ్వైనా చెప్పరా. నా మాట మీ వదిన చెవికెక్కడం లేదు.”

చిన్నోడు తల ఎత్తలేదు. “ఆఫీసుకి టైమవుతోంది అన్నయ్యా,” అన్నాడు.

భర్త పెన్నుకి మూత పెట్టాడు. “పోనీలే. మీ అమ్మగారికే ఇలా జరిగి ఉంటే, సంతకం దాకా ఎందుకు, ఈపాటికి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఉండేదానివి.”

ఆ మాట వెళ్లాల్సిన చోటికే వెళ్లి తగిలింది. పెళ్లయిన కొత్తలో, కోడలు ఉద్యోగానికి వెళ్లడమేమిటని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకుంటుంటే, ‘మీ ఇళ్లలో కోడళ్ల సంగతి మీరు చూసుకోండి, మా ఇంటి సంగతి మేం చూసుకుంటాం’ అని అందరి నోళ్లూ మూయించింది అత్తయ్యే. పదహారేళ్లుగా ఆమె లంచ్ బాక్సు మూత బిగించి చేతికిచ్చింది అత్తయ్యే.

“అత్తయ్య మీ ఒక్కరికే కాదు, నాకూ కావలసిన మనిషే,” అంది. “సాయంత్రం దాకా ఆగండి. అంతకంటే ఏమీ అడగను.”

“సాయంత్రానికి ఏం ఊడిపడుతుంది?”

వదిన మరిది వీపు వైపు చూసింది. ఆ వీపు కదల్లేదు.

భర్త కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. “నా ఒక్కడి సంతకం చాలు. పదింటికి ఇచ్చేస్తాను,” అని టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

*

రోజూ ఆమె స్కూటర్ వెనక కూర్చుని ఆఫీసుకి వచ్చే చిన్నోడు ఈ రోజు నడక మొదలుపెట్టాడు. మందుల షాపు మలుపు దగ్గర ఆమె స్కూటర్ ఆపింది.

“ఎక్కు.”

“నడుస్తాలే వదినా.”

“ఎక్కమన్నానా!”

ఎక్కాడు. సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు, వెనకనుంచి నీరసంగా వినిపించింది: “అన్నయ్యకి చెప్పలేదు కదూ?”

“చెప్పాల్సింది నేనా?”

ఆ ఆస్పత్రి రికార్డులు నడిచేది వాళ్ల ఆఫీసు చేసిన సాఫ్ట్‌వేర్ మీదే. నిన్న సాయంత్రం ఆఫీసులో ఆమె అత్తయ్య పేరు మీద ఉన్న రికార్డు తెరిచి చూసింది. పడని మందుల హెచ్చరిక ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఇంకొక పేరు చూసింది. ఇంకొకటి. హెచ్చరికల టేబుల్ మొత్తం లెక్క తీసింది. నాలుగు వందల పద్దెనిమిది మంది హెచ్చరికలు, ఈ నెల ఒకటో తారీకున, ఒకే ఒక్క క్షణంలో మాయమైపోయాయి. ఆ ఉదయమే ఆస్పత్రి గుమాస్తా, రిటైరైన పాత డాక్టరు పేరును డాక్టర్ల జాబితాలోంచి తీసేశాడు. ఆయన పేరుతోపాటు, ఇన్నేళ్లలో ఆయన రాసిన హెచ్చరికలన్నీ పోయాయి. ఆ లెక్క చిన్నోడికీ చూపించింది.

చూసిన వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసింది. హెచ్చరికల పేజీని నమ్మవద్దనీ, ప్రతి రోగినీ, వాళ్ల తాలూకు మనుషుల్నీ నోటితో అడిగి కాగితం మీద రాసుకోమనీ ప్రతి వార్డుకీ చెప్పించింది. ‘ఏమైంది మేడమ్?’ అని అడిగారు. ‘సర్వర్ మరమ్మతు’ అంది. ఆ అబద్ధం రాత్రంతా నాలుక మీదే ఉంది.

“వదినా, నాకు ఈ ఒక్క పూట ఇవ్వు,” అన్నాడు చిన్నోడు. “బాసుకి నేనే చెప్తాను. అన్నయ్యకీ నేనే చెప్తాను. నా నోటితో నన్ను చెప్పనివ్వు. నీకు దణ్ణం పెడతాను.”

సిగ్నల్ మారింది. వెనక బండ్లవాళ్లు హారన్లు మోగిస్తున్నారు.

“మధ్యాహ్నం పన్నెండింటిదాకా,” అంది. “ఆ తర్వాత నేను చెప్తాను.”

*

చిన్నోడు రాకముందు పదకొండేళ్లు ఆ ఆస్పత్రి డేటాబేస్‌లోంచి ఏది తీయాలన్నా, ఏది పెట్టాలన్నా, కంప్యూటర్‌కిచ్చే ఆ ఆజ్ఞ వాక్యం ఆమె చేతి మీదుగానే పుట్టేది. ఏ టేబుల్లో ఏ వరస ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. రెండేళ్ల కిందట చిన్నోడు చేరాడు. కొత్త వెబ్ ఫ్రేమ్‌వర్క్, దానికి తోడు ఒక మ్యాపింగ్ టూల్ తెచ్చాడు. టేబుళ్లకీ కోడ్‌కీ మధ్య నిలబడి, అడగాల్సిన ప్రశ్నలన్నీ తనే రాసుకునే టూల్ అది.

“నువ్వు కూర్చుని ఒక్కో వరసా రాసుకుంటావు వదినా. ఇది వరసలు కలిపేస్తుంది,” అన్నాడు మొదటిరోజు. ఆఫీసంతా ఘొల్లుమంది. ఆమె కూడా నవ్వింది.

ఆమె మూడు వారాలు తీసుకున్న పేజీలను వాడు ఒక్క మధ్యాహ్నంలో కట్టి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కుంది.

తర్వాత పోట్లాటలు. “ఒక్క పేజీ తెరిస్తే ఇది డేటాబేస్‌ని తొమ్మిది వందలసార్లు అడుగుతోంది, చూశావా?” అని ఆమె. “చూడక్కర్లేకుండా చేయడానికే కదా ఇది ఉన్నది!” అని వాడు. మర్నాటికి ఒక్క మాట మార్చి ఆ తొమ్మిది వందల్ని రెండు చేసి చూపించాడు. మళ్లీ చప్పట్లు. నిజం చెప్పాలంటే, ఆమె చేత్తో రాసిన పాత వాక్యాల్లో దాక్కున్న పొరపాట్లు నాలుగింటిని బయటపెట్టింది కూడా ఆ టూలే. అది ఆమెకు ఇంకా మింగుడుపడలేదు. చివరికి ఆమె ఏం అడిగినా, ‘వదినకి కొత్తది గిట్టదు’ అనే మాట ఒకటి ఆఫీసులో స్థిరపడిపోయింది. అడగడం మానేసింది.

ఇప్పుడు ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నారు. మార్పుల చరిత్రలో కిందికి కిందికి జరుపుతూ ఆమె ఒకచోట ఆగింది.

“ఇదిగో.”

కోడ్‌లో ఒక్క వరస. హెచ్చరికకి రెండు చుట్టరికాలున్నాయి: అది ఏ రోగిదో ఒకటి, రాసిన డాక్టరు ఎవరో ఒకటి. టూల్ అడుగుతుంది, ఎవరు తల్లి, ఎవరు పిల్ల అని. చిన్నోడు రోగిని తల్లి అన్నాడు. అక్కడితో ఆగకుండా డాక్టరునీ తల్లి అన్నాడు. తల్లి పోతే పిల్లల్నీ తీసేయమని రెండుచోట్లా ఒకే ఆజ్ఞ రాశాడు.

“ఎందుకు రాశావురా ఇలా?”

“అన్ని టేబుళ్లకీ ఒకేసారి పెట్టాను. నలభై టేబుళ్లు వదినా. ఒక్కోటి చూసుకుంటూ కూర్చుంటే...”

“కూర్చోవాలి. అందుకే జీతం ఇచ్చేది.”

“‘నా పాత కోడ్‌లో ఇలా జరిగేదా’ అని నీ ఉద్దేశం. అనేయి. రెండేళ్లుగా ఈ మాట కోసమే కాచుకుని ఉన్నావు.”

“నా కోడ్‌లో డాక్టరు పేరు తీసేస్తే ‘రిటైర్డ్’ అని గుర్తు పడేది. అంతే. ఒక్క కాగితం కదిలేది కాదు.”

“మరి ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడిగావా?”

“నువ్వు చూశావా?” చిన్నోడి గొంతు లేచింది. చుట్టూ కీబోర్డుల చప్పుడు ఆగింది. వాడు గొంతు తగ్గించి, స్క్రీన్ మీద ఒకచోట వేలు పెట్టాడు. “నువ్వు చూసి ఒప్పుకోవాలని నేను పంపింది అరవై ఒక్క ఫైళ్లు. నువ్వు సరే అన్న టైం చూడు. నాలుగు నిమిషాలు. అరవై ఒక్క ఫైళ్లు నాలుగు నిమిషాల్లో చదివేశావా వదినా?”

చదవలేదు. ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. ఎలాగూ నా మాట వినరు, నేను చదివితే ఎంత, చదవకపోతే ఎంత అనుకుని, కసిగా ‘ఆమోదం’ బటన్ నొక్కింది.

“ఇంకొకటుంది,” అన్నాడు వాడు. ఈసారి గొంతులో కోపం లేదు. అదే భయంకరంగా ఉంది. “నర్సు స్క్రీన్ మీద ఏం చూసింది? జాబితా ఖాళీగా ఉంటే ఏం కనబడుతుంది? ‘పడని మందులు: లేవు.’ ఆ ‘లేవు’ ఎవరు రాశారు?”

ఆమె చూసింది. చూడక్కర్లేదు. పదకొండేళ్ల కిందట, ఆ పేజీ మొదటిసారి కట్టిన రోజున, ఖాళీ చోటు చూడటానికి బాగోలేదని ఆమే పెట్టింది ఆ మాట. ‘తెలియదు’ వేరు, ‘లేవు’ వేరు అని ఆ రోజు తోచలేదు. ఫ్రేమ్‌వర్క్ మారినా, టూల్ మారినా, ఆ మాట మాత్రం అక్షరం చెదరకుండా కొత్త పేజీలోకి వచ్చి కూర్చుంది.



గాజు గదిలోంచి బాసు తల బయటికి పెట్టాడు. “చిన్నోడా, ఒకసారి లోపలికి రా. ఆస్పత్రి నుంచి ఏదో కంప్లైంట్ అంటున్నారు.” ఆమె కూడా లేవబోయింది. “నువ్వు కాదు వదినా. వీడు చాలు.”

తలుపు మూసుకుంది.

*

బ్యాకప్‌లోంచి ఆ నాలుగు వందల పద్దెనిమిది హెచ్చరికల్ని వెనక్కి తేవడానికి టూల్ పనికిరాలేదు. ఈ నెలలో కొత్తగా చేరిన వాటిని తుడిచిపెట్టకుండా పాతవి మాత్రమే అతకాలి. ఆమె చాలాకాలం తర్వాత చేత్తో రాసింది. ఒక్కో వాక్యం రాసి, పక్కన పెట్టి, రెండుసార్లు లెక్క చూసుకుని నడిపింది. వేళ్లకి పాత పని గుర్తుంది. కానీ అందులో గర్వపడాల్సింది ఏమీ కనిపించలేదు.

అత్తయ్య పేరు పక్కన హెచ్చరిక తిరిగి వచ్చినప్పుడు, మందు పేరు చూస్తూ అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆ పేజీ తెరిచి ‘లేవు’ తీసేసింది. ‘నమోదు కాలేదు. రోగిని అడగండి’ అని పెట్టింది. పదకొండేళ్లు నిలిచిన మాటను మార్చడానికి నిమిషం కూడా పట్టలేదు.

పన్నెండున్నర అయింది. గాజు గదిలో చిన్నోడు బాసు కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేస్తున్నాడు. బాసు వెనక నిలబడి భుజం మీదుగా చూస్తున్నాడు. ఒకసారి చిన్నోడు తల అడ్డంగా ఊపాడు. బాసు వాడి వీపు మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. చిన్నోడు మళ్లీ టైపు చేశాడు.

ఒప్పుకుంటున్నాడు, అనుకుంది వదిన. పాపం, రాసి ఇస్తున్నాడు. మొదటిసారి వాడి మీద జాలి కలిగింది. వెళ్లి తలుపు కొడదామనుకుని ఆగింది. వాడి నోటితో వాణ్ని చెప్పనివ్వాలి కదా.

ఫోన్ మోగింది. భర్త.

“అమ్మకి గొంతు పెగిలింది,” అన్నాడు. పొద్దుటి కోపం ఇంకా ఎక్కడికీ పోలేదు. “నిన్ను అడుగుతోంది. రాగలిగితే రా.”

*

అత్తయ్య మంచం తలవైపు పైకి లేపి ఉంది. పెదాల వాపు తగ్గింది. గొంతు మాత్రం గరగరలాడుతోంది. భర్త మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లాడు.

“వచ్చావా అమ్మాయ్,” అంది అత్తయ్య. “ముద్ద తిన్నావా?”

“తిన్నాను అత్తయ్యా.”

“అబద్ధం. నీ మొహమే చెబుతోంది.” నవ్వబోయి దగ్గింది. తేరుకున్నాక అటూ ఇటూ చూసి, “ఆ నర్సు ఏదమ్మా? చెంప మీద పుట్టుమచ్చ ఉంటుంది, ఆవిడ. కనబడటం లేదు,” అంది.

“ఎందుకత్తయ్యా?”

“పాపం, మంచి మనిషి. ఆ ఇంజెక్షన్ ముందు నన్ను అడిగింది. అమ్మా, మీకు పడని మందులేమైనా ఉన్నాయా అని. ఏదో ఒకటి పడదన్నారు గానీ, పదేళ్ల కిందటి మందు పేరు నాకేం గుర్తుంటుంది? కంప్యూటర్లో చూడమ్మా అన్నాను. చూసి, లేవు అని ఉందండీ అంది. అన్నా కూడా ఇంకోసారి అడిగింది. సరిగ్గా గుర్తు తెచ్చుకోండి, మీ అబ్బాయికి ఫోన్ చేయమంటారా అంది.”

వదిన మంచం చువ్వ పట్టుకుంది.

“నేనే వద్దన్నాను,” అంది అత్తయ్య. “వాణ్ని పనిలో కదిలించడం ఎందుకని. ఇదిగో అమ్మాయ్, అది మా కోడలూ మా చిన్నోడూ కలిసి చేసింది, అందులో లేదంటే లేనట్టే, నువ్వు పొడువు అన్నాను.” కళ్లు మూసుకుని తెరిచింది. “గొప్పకి పోయాను. మీరిద్దరూ ఒకే పని చేస్తున్నారని నాకు అదో ఇది. మొన్న పక్క మంచం ఆవిడకి కూడా చెప్పాను.”

వదిన దుప్పటి సర్ది, మంచినీళ్లు తాగించి, ఇప్పుడే వస్తానని బయటికి వచ్చింది.

వరండా చివర, నర్సుల గది ముందు ఆ పుట్టుమచ్చ ఆవిడ కనిపించింది. యూనిఫాం లేదు. చేతిలో గుడ్డసంచి, అందులోంచి తొంగిచూస్తున్న చెప్పులూ, ఒక స్టీలు డబ్బా. ఎవరో కుర్చీలోంచే రిజిస్టర్ చాపితే సంతకం చేస్తోంది.

“సస్పెండ్ చేశారా?” అంది వదిన, ఇంకేం అనాలో తెలియక.

నర్సు ఆమెను గుర్తుపట్టింది. “పదకొండింటికి కాగితం ఇచ్చారు మేడమ్. మీ వారి ఫిర్యాదు అందిన గంటకి.”

“మీరు అత్తయ్యని రెండుసార్లు అడిగారట.”

“మూడోసారి కూడా అడగాల్సింది.” ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు; అలసట ఉంది. “కానీ స్క్రీన్ మీద ఉన్నదాన్ని నమ్మమన్నారు కదా. కాగితాలు పక్కన పడేయండి, ఇందులో తప్పుండదు అని నాలుగో అంతస్తు హాల్లో మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది మీరే. నేను రెండో వరసలో కూర్చున్నాను. మీకు గుర్తుండదు లెండి.”

సంచి భుజానికి తగిలించుకుని మెట్లవైపు వెళ్లిపోయింది.

మందులతో పైకి వస్తున్న భర్త ఆ నర్సుకి దారి ఇవ్వకుండా నిలబడ్డాడు. ఆవిడే పక్కకి తప్పుకుంది. 

“ఏమంటుంది?” అన్నాడు భార్యతో.

“నాతో రండి,” అంది వదిన. “సూపరింటెండెంటు గారి గదికి. మీరూ వినాలి.”

*

సూపరింటెండెంటు నెరిసిన జుట్టు, చిన్న కళ్లద్దాల పెద్ద డాక్టరమ్మ. ఫిర్యాదు కాగితం ఆవిడ ముందే ఉంది. దాని పక్కన ఇంకొకటి, అప్పుడే ప్రింటర్లోంచి వచ్చినట్టు చుట్టుకుపోతోంది.

“ఆ నర్సు తప్పు లేదు డాక్టరు గారూ,” అంది వదిన, కూర్చోకుండానే. “తప్పు మా సాఫ్ట్‌వేర్‌ది.”

భర్త ఆమె వైపు తిరిగాడు.

“తెలుసు,” అంది డాక్టరమ్మ. “మీ ఆఫీసు నుంచి అరగంట కిందటే ఉత్తరం వచ్చింది. చదవండి.”

కాగితం ఇటు తోసింది. భర్తే అందుకున్నాడు. వదిన ఆయన భుజం మీదుగా చదివింది.

‘ఖాళీ జాబితాను “లేవు” అని చూపించే లోపం మా పాత కోడ్ నుంచి వచ్చినది. దాన్ని పదకొండేళ్ల కిందట రాసినదీ, కొత్త సిస్టమ్‌లోకి వచ్చిన మార్పులను పరిశీలించి తుది ఆమోదం ఇచ్చినదీ మా సీనియర్ డెవలపరు. ఆమె ఆ మార్పులను నాలుగు నిమిషాల్లో ఆమోదించినట్టు రికార్డు ఉంది. ఆమెను ఈ రోజు నుంచి ఈ పని నుంచి తప్పిస్తున్నాము.’ కింద బాసు పేరు. దాని పక్కన, సాంకేతిక విచారణ చేసిన వ్యక్తిగా, చిన్నోడి సంతకం.

వదిన రెండోసారి చదివింది. అబద్ధం కోసం వెతికింది. ఎంత వెతికినా ఒక్కటి కూడా దొరకలేదు. హెచ్చరికలు ఎలా పోయాయన్నది మాత్రం ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.

“ఇది నిజమేనా?” అంది డాక్టరమ్మ.

“నిజమే. ప్రతి మాటా నిజమే.”

“నువ్వా?” అన్నాడు భర్త. “పొద్దున సంతకం పెట్టనన్నది ఇందుకా?”

“పూర్తిగా వినండి.” ఆమె ఆయనతో కాదు, డాక్టరమ్మతోనే మాట్లాడింది. “నేను రాసిన ‘లేవు’ వల్ల నర్సు మోసపోయింది. నేను చదవకుండా ఒప్పుకున్నాను. అది నాది. కానీ మీ పాత డాక్టరు గారి పేరు తీసేసినప్పుడు నాలుగు వందల పద్దెనిమిది మంది హెచ్చరికలు చెరిగిపోయాయి. వాటిని చెరిపిన వరస వేరే ఉంది. దాన్ని రాసింది, ఈ ఉత్తరం మీద సంతకం పెట్టిన మనిషి. మా మరిది.”



“నాలుగు వందల...” అంది డాక్టరమ్మ. “ఇప్పుడవి?”

“ఈ మధ్యాహ్నం వెనక్కి తెచ్చాను. అయినా ఒక్కొక్కరివీ మీ పాత కాగితాలతో సరిచూసుకోండి. ఈ నెలలో వాళ్లలో ఎవరికి ఏ మందులిచ్చారో కూడా చూడాలి. నిన్న సర్వర్ మరమ్మతు అన్నాను. అది అబద్ధం.”

డాక్టరమ్మ అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఇదంతా రాసి ఇస్తారా?”

“రాస్తాను.”

“ఒక్క నిమిషం,” అన్నాడు భర్త. కుర్చీ ముందుకి లాక్కున్నాడు. గొంతు మారిపోయింది. “ఇది మా ఇంటి విషయం డాక్టరు గారూ. మేం ఇంట్లో మాట్లాడుకుని రేపు వస్తాం.” ఆమె వైపు వంగి, “వాడికి ఇరవై ఎనిమిదేళ్లు. ఇలాంటిది రాతలో పడితే వాడిని ఎవరు పనిలో పెట్టుకుంటారు? నీ సంగతి వేరు, నీకు అనుభవం ఉంది, ఎక్కడైనా బతుకుతావు,” అన్నాడు.

“మరి ఆ నర్సు?”

ఆయన ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి అంచులు సరిచేశాడు.

“వార్డులో కాగితం ఇచ్చి పంపించేశారు. మూడు గంటల కిందట ఆవిడ మీద కఠిన చర్య కావాలన్నది మీరేగా. ఇప్పుడు రేపటిదాకా ఆగమంటున్నారేం?”

“నర్సుకి చెప్పి వెనక్కి పిలిపిస్తారు. ఈ ఉత్తరం ఉందిగా, అది చాలు కదా ఆవిడకి!”

అంటే నేను ఒక్కదాన్నే చాలు, అనుకుంది వదిన. కోపం రావాల్సిన చోట ఏదో చల్లబడిపోయింది. డాక్టరమ్మ అందించిన తెల్లకాగితం ముందుకి లాక్కుంది.

“రాస్తే ఇంటికి రాకు,” అన్నాడు భర్త మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడటం పదహారేళ్లలో ఆమె విన్నది తక్కువ.

ఆమె రాయడం మొదలుపెట్టింది. మొదట తన పేరు రాసి, తన తప్పులు రెండూ రాసింది. తర్వాత మూడోది, మరిది చేసింది. కుర్చీ కిర్రుమంది. తలుపు తెరుచుకుని మూసుకుంది. ఆమె తల ఎత్తలేదు. ముగించి, తారీకు వేసి, కాగితం తిప్పి ఇచ్చింది.

డాక్టరమ్మ నర్సుకి ఫోన్ కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి కలిపింది. “ఎత్తడం లేదు,” అంది. “ఎత్తినా వస్తుందో రాదో.”

*

వార్డులోకి వెళ్లేసరికి భర్త మంచానికి అటువైపు, కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, “నువ్వు ఆఫీసులోనే ఉండరా, కదలకు,” అంటున్నాడు. ఆమెను చూసి ఫోన్ జేబులో పెట్టేశాడు. ఇటు చూడలేదు.

అత్తయ్య మాత్రం లేచి కూర్చునే ప్రయత్నంలో ఉంది. మొహంలో కొంచెం కళ వచ్చింది.

“సాయంత్రం పంపించేస్తారట అమ్మాయ్. ఇప్పుడే చిన్న డాక్టరు చెప్పి వెళ్లాడు. నా బట్టలు ఆ సంచిలో పెట్టు. వీడి చేతికిస్తే సగం ఇక్కడే వదిలేస్తాడు.” చెయ్యి చాపి కోడలి మణికట్టు పట్టుకుంది. “నన్ను నువ్వే తీసుకెళ్లు. నీ పక్కన కూర్చుంటే నాకు ధైర్యం. పద, ఇంటికి పోదాం.”

వదిన సంచి అందుకోలేదు. మంచం అంచున కూర్చుంది. మణికట్టు మీద ఉన్న ఆ చేతిని తన రెండో చేత్తో కప్పింది.

“అమ్మకి ఇప్పుడేం చెప్పొద్దు,” అన్నాడు భర్త కిటికీ దగ్గర్నుంచి.

అత్తయ్య కొడుకు మొహం చూసింది. కోడలి మొహం చూసింది. “ఏమిటర్రా?” అంది.

“అత్తయ్యా, మీకో సంగతి చెప్పాలి,” అంది వదిన. “మొత్తం వినండి. విన్నాక, ఇంటికి ఎవరితో వెళ్తారో మీరే చెప్పండి.”